తరిమెల నాగిరెడ్డిగారి ప్రతిపక్ష జీవితము

అనంతపురము జిల్లా వానకు పేద. సాలు సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వర్షము కురియును. అదియును అదనెఱిగి కురియదు. పెన్న పేరునకు నది యేగాని నీటికంటె ఇసుక మెండు. ఇట్టి మెట్టసీమలో నూఱెకరముల ఆసామియు మబ్బువంక చూడవలసినవాడే. సెంటు భూమి లేని కూలివాని మాట చెప్పనేల? ఈ జిల్లా స్వాతంత్ర్యానంతర రాజకీయములకు ఇద్దఱు పెద్దమనుష్యులను ఇచ్చెను. ఒకరు ఇల్లూరు గ్రామమునకు చెందిన నీలం సంజీవరెడ్డిగారు. ముఖ్యమంత్రియై, తుదకు రాష్ట్రపతి పీఠము నధిష్ఠించినవారు. రెండవవారు తరిమెల నాగిరెడ్డిగారు. జీవితమంతయు ప్రతిపక్షముననే గడపి, అజ్ఞాతవాసమున కన్నుమూసినవారు. ఇరువురును బావ బావమరదులు. నాగిరెడ్డిగారి సోదరి నాగరత్నమ్మగారు సంజీవరెడ్డిగారి ధర్మపత్ని. ఒకే జిల్లా, ఒకే బంధువర్గము, ఒకే కాలము. దారులు మాత్రము వేఱు. మొదటివారి చరిత్ర అందఱెఱిగినదే. ఇచట చెప్పబోవునది రెండవవారి చరిత్ర.

నాగిరెడ్డిగారు 1917వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన, శింగనమలకు చేరువనున్న తరిమెల గ్రామమున, సంపన్న భూస్వామి కుటుంబమున జన్మించిరి. ఆ కాలమున పెద్ద ఆసాముల యిండ్ల బిడ్డలకు చదువు అలంకారము. చదివినను చదువకున్నను గాదెలో గింజలు తఱుగవు. అయినను ఇంటివారు ఈ బిడ్డ చదువునకు లోటు చేయలేదు. మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీ పాఠశాలలోను, పిదప మద్రాసు లయోలా కళాశాలలోను, అటుపిమ్మట కాశీ హిందూ విశ్వవిద్యాలయములోను వారు విద్యనభ్యసించిరి. కాశీకి పోయినవాడు గంగాతీర్థము తెచ్చుట మనవారి ఆచారము. నాగిరెడ్డిగారు తెచ్చినది మార్క్సు సిద్ధాంతము. దేశ స్వాతంత్ర్యమొక్కటియే చాలదనియు, దున్నువానికి భూమియు కూలివానికి కూడును లభింపని స్వరాజ్యము సగము స్వరాజ్యమనియు వారి మనస్సున నాటుకొనెను.

అది రెండవ ప్రపంచయుద్ధ కాలము. యుద్ధము వలన సామాన్యుని బ్రదుకుపై పడు ఆర్థిక భారమును గూర్చి నాగిరెడ్డిగారు ఒక చిన్న పుస్తకము వ్రాసిరి. అందులకు 1940లో ఆంగ్ల ప్రభుత్వము వారిని కారాగారమున నుంచెను. 1941లో మరల నిర్బంధము. ప్రకాశము పంతులుగారు మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రిగా నున్న దినములలో కమ్యూనిస్టులపై ప్రయోగింపబడిన ఆర్డినెన్సు క్రింద మూడవమాఱు బందీయై, 1947లో విడుదలైరి. దొరల చేతిలో రెండుమాఱులు, మనవారి చేతిలో ఒకమాఱు. ఈ మూడవ నిర్బంధమును గుర్తుంచుకొనవలెను. ఏలయన, వారి తరువాతి జీవితమంతయు తెల్లవారితో కాక మనవారితోనే జరిగిన వివాదము.

భూమిని గూర్చి నాలుకతో మాటలాడుట సులభము. నాగిరెడ్డిగారు తమ సొంత భూమిని విడిచిరి. అది వేయి ఎకరములకు పైబడినదని చెప్పుదురు. పల్లెలో భూమి లెక్క తెలిసినవారికి ఇది ఎంతటి పనియో బోధపడును. మనవాడు గట్టు మీద మూరెడు చోటునకై తరములు తరములు వ్యాజ్యమాడును. అన్నదమ్ములు చింతచెట్టు కొమ్మకై మాటలు మానుకొందురు. అట్టి సీమలో పట్టా మీద తన పేరు తానే కొట్టివేయించుకొనుట మాటలు కాదు. వారి సిద్ధాంతముతో ఏకీభవింపనివారు సయితము ఈ ఒక్క విషయమున వారిని తప్పుపట్టజాలరైరి. ఎన్నికలలో కమ్యూనిస్టు పేరు విన్నంతనే జంకు కాపుల ఓట్లు కూడ నాగిరెడ్డిగారికి పడుటకు ఇదియొక కారణమని తలంపవచ్చును.

1952వ సంవత్సరమున వయోజనులందఱకు ఓటుహక్కుతో మొదటి సార్వత్రికములైన ఎన్నికలు జరిగెను. ఆనాటి పద్ధతి నేటి యువకులకు తెలియదు. ఓటుచీటి మీద ముద్ర వేయుట లేదు. అభ్యర్థికొక పెట్టె, పెట్టెమీద గుర్తు. ఓటరు తెఱచాటునకు పోయి తన కిష్టమైన పెట్టెలో చీటి వేసి వచ్చును. కాంగ్రెసుది కాడెద్దుల గుర్తు. కమ్యూనిస్టులది కంకి కొడవలి. రెండును సేద్యగాని యింటిలోని వస్తువులే. అనంతపురము శాసనసభ స్థానమునకు కాంగ్రెసు పక్షమున సంజీవరెడ్డిగారు నిలిచిరి. వారు అంతకుముందే మద్రాసు మంత్రివర్గమున పనిచేసినవారు. ఆంధ్ర కాంగ్రెసు సంఘమునకు 1951లో అధ్యక్షులైనవారు. వారికి ఎదురు నాగిరెడ్డిగారు. చుట్టములు ఎవరి పెట్టెలో వేయవలెనని గింజుకొనిరో గాని, కఱవుతో కాలిన జిల్లా కంకి కొడవలిని ఎన్నుకొనెను. ఆ ప్రాంతమున రాయలసీమలో గంజికేంద్రములు పెట్టి జనమును బ్రతికింపవలసిన దినములవి. కాడెద్దులు బక్కచిక్కియున్న యేట కాడెద్దుల గుర్తు ఓడుటలో వింత లేదు.

ఈ ఓటమి వలన సంజీవరెడ్డిగారి రాజకీయ జీవితము ఆగిపోలేదు. ఆ యేడే వారు రాజ్యసభకు పోయిరి. మఱుసటి యేట ఆంధ్రరాష్ట్రమునకు ఉపముఖ్యమంత్రులైరి. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశమునకు మొదటి ముఖ్యమంత్రులైరి. పెద్దపక్షములో ఓడినవానికి వేఱొక వాకిలి తెఱచియుండును. చిన్నపక్షములో గెలిచినవానికి సయితము లోపలి గదులు మూసియే యుండును. ఈ రెండవ సత్యమును నాగిరెడ్డిగారు మద్రాసులోనే చవిచూచిరి. 375 స్థానములున్న ఆ సభలో కాంగ్రెసునకు దక్కినవి 152. కమ్యూనిస్టులకు 62. ప్రకాశము పంతులుగారి కిసాన్ మజ్దూర్ ప్రజాపక్షము, కమ్యూనిస్టులు, మఱికొందఱు కలిసి ఐక్యసంఘటనగా ఏర్పడి, మంత్రివర్గమును నిర్మించు హక్కు తమదనిరి. ఏ పంతులుగారి ఆర్డినెన్సు నాగిరెడ్డిగారిని చెఱకు పంపెనో ఆ పంతులుగారితోనే చేతులు కలుపవలసి వచ్చెను. రాజకీయములలో పగకు ఆయుర్దాయము తక్కువ. అయినను గవర్నరు పిలిచినది రాజగోపాలాచారిగారిని. శాసనసభకు పోటీయే చేయని రాజాజీ ముఖ్యమంత్రియైరి. మెజారిటీ పిమ్మట కూడెను.

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించెను. పంతులుగారు తమ పక్షమును విడిచి కాంగ్రెసు బలముతో ముఖ్యమంత్రియైరి. 1954 నవంబరులో మద్యనిషేధ వివాదముపై ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వము కూలెను. ప్రతిపక్షము ఒక ప్రభుత్వమును దింపగలిగినదని కమ్యూనిస్టులు సంతసించిరి. ఆ సంతోషము నాలుగు నెలలు నిలువలేదు. 1955 ఎన్నికలలో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ కలిసి ఒక్కటై నిలిచెను. 196 స్థానములలో ఆ కూటమికి 146 దక్కెను. కమ్యూనిస్టులకు నూటికి 31 వంతుల ఓట్లు పడియును స్థానములు 15 మాత్రమే. లెక్క తెలిసినవాడు ఇందలి మర్మమును గ్రహించును. ప్రతి గ్రామమున మూడవవంతు పంట చేతికి వచ్చినను, కొలగారు ఎక్కువ రాసి యెవనిదో చూచి కళ్లమంతయు వానికే కొలిచి యిచ్చినట్లు. ముక్కోణపు పోటీలో ఈ పద్ధతి చిన్నపక్షమునకు లాభించును. ముఖాముఖి పోటీలో దానిని మింగివేయును. పుట్లూరు స్థానమున నిలిచిన నాగిరెడ్డిగారు కూడ ఆ యేట ఓడిరి. వారికొఱకు ఏ రాజ్యసభయు కాచుకొనియుండలేదు. తిరిగి పల్లెలకే పోయిరి.

1957లో అనంతపురము ప్రజలు వారిని లోకసభకు పంపిరి. ఆ సభలో 494 స్థానములకు కాంగ్రెసువారు 371, కమ్యూనిస్టులు 27. ఇతర పక్షములను నిషేధించు శాసనమేదియు మన దేశమున లేదు. పత్రికలు కలవు, న్యాయస్థానములు కలవు, అయిదేండ్లకొకమాఱు పెట్టెలు వచ్చును. అయినను ఢిల్లీలో ఒకే పక్షము, రాష్ట్రములలో దాదాపు అంతటను అదే పక్షము. దీనిని విద్వాంసులు ఏకపక్ష ప్రాబల్యమనిరి. ఆ పక్షములోనే మితవాదులు, అతివాదులు, భూస్వాములు, సోషలిస్టులు అందఱునుండి, అసలైన తగవులు వారి యింటిలోనే జరుగుచుండుట వలన బయటి పక్షమునకు దొరకెడిది ఉపన్యాసమే. కేరళము దీనికి ఒక మినహాయింపు. 1957లో నంబూద్రిపాదుగారి నాయకత్వమున కమ్యూనిస్టులు అచట ప్రభుత్వమును స్థాపించిరి. 1959 జూలై 31వ తేదీన, సభలో బలముండగనే, కేంద్రము దానిని రద్దుచేసెను. నాగిరెడ్డిగారు అప్పుడు పార్లమెంటు సభ్యులు. ఓటు ద్వారా వచ్చిన అధికారము కూడ పెద్దపక్షము ఓర్చినంతవఱకే నిలుచునను అనుమానము వారి కూటములో అనేకులకు ఆనాడే మొదలయ్యెను.

1962లో పుట్లూరునుండి గెలిచి వారు హైదరాబాదు శాసనసభకు వచ్చిరి. అప్పటి సభలో 300 మంది. కాంగ్రెసు 177, కమ్యూనిస్టులు 51. ప్రతిపక్షమునకు సభలో ఉండు పనిముట్లు స్వల్పము. ప్రశ్నలడుగవచ్చును, వాయిదా తీర్మానము కోరవచ్చును, పద్దులపై కోత ప్రతిపాదింపవచ్చును, చివరకు ఓడిపోవచ్చును. ఓడుట నిశ్చయమైనను మంత్రి లేచి సమాధానము చెప్పవలసియుండుటయే అందలి ఫలము. నాగిరెడ్డిగారు ఆవేశపరులే యైనను వట్టి ఆవేశముతో మాటలాడువారు కారు. ప్రభుత్వము అచ్చువేసిన నివేదికలను, లెక్కలను తీసుకొని, వాటిలోనే ప్రభుత్వమును నిలదీయుట వారి మార్గము. లెక్కలపుస్తకము వ్రాసినవానికి దానినే చూపి జవాబడుగుట కంటె గట్టి వాదము లేదు.

ఇంతలో చీనా యుద్ధము వచ్చెను. 1962 అక్టోబరులో సరిహద్దున తుపాకులు పేలగనే కమ్యూనిస్టులలో అనేకులు దేశరక్షణ నిబంధనల క్రింద బందీలైరి. రష్యా మార్గమా, చీనా మార్గమా, కాంగ్రెసుతో చెలిమియా, విరోధమా అను వాదములు ముదిరి 1964లో పక్షము రెండుగా చీలెను. నాగిరెడ్డిగారు మార్క్సిస్టు శాఖలో చేరిరి. క్రమముగా వారి చూపు చీనాలో మావో నడపిన రైతాంగ విప్లవము వైపునకు మఱలెను. పేద రైతులను కూడగట్టి, భూమి పంచి, పల్లెల బలముతో పట్టణములను చుట్టుముట్టిన ఆ కథ, కఱవుసీమలో పుట్టి భూమి పంచిన మనిషిని ఆకర్షించుట సహజమే.

ఈ సందర్భమున ఆ చీనా దేశమున చిన్నపక్షముల స్థితి యెట్టిదో తెలిసికొనుట అవసరము. చీనాలో ఒక్క కమ్యూనిస్టు పక్షమే కలదని మనలో పలువురు తలంతురు. అది సరికాదు. అచట మఱి యెనిమిది చిన్నపక్షములు కలవు. కుమింటాంగునుండి విడివడిన విప్లవ సంఘమొకటి; 1941లో విద్యావంతులు స్థాపించిన ప్రజాస్వామిక సమితి యొకటి; వర్తకులది, పండితులది, విదేశములనుండి తిరిగివచ్చిన చీనీయులది, తైవాను ద్వీపమువారిది, ఇట్లు తక్కినవి. 1949 సెప్టెంబరులో పెకింగు నగరమున జరిగిన రాజకీయ సంప్రదింపుల మహాసభలో వీరందఱు పాల్గొని, కమ్యూనిస్టుల నాయకత్వమును అంగీకరించిరి. క్రొత్త ప్రభుత్వపు ఆఱుగురు ఉపాధ్యక్షులలో ముగ్గురు కమ్యూనిస్టులు కానివారే. సన్ యట్ సేన్ గారి సతీమణి వారిలో ఒకరు. పదవులకు లోటు లేదు. లేనిది ఎదిరించు హక్కు. ఉమ్మడి యింటిలో కాపురమున్నను వేఱు పొయ్యి లేని కోడలి వంటిది ఆ పక్షముల బ్రతుకు. వడ్డించినది తినవలెను, ఉప్పు చాలలేదనరాదు.

ఒకమాఱు ఉప్పు చాలలేదన్నవారు కలరు. 1957లో మావోగారే విమర్శలు చేయుడని అందఱను ఆహ్వానించిరి. అంతకు ముందటి యేటనే చిన్నపక్షములతో చిరకాల సహజీవనము, పరస్పర పర్యవేక్షణము తమ విధానమని ప్రకటించియుండిరి. ఆ మాట నమ్మి ప్రజాస్వామిక సమితి నాయకులైన చాంగ్ పో-చున్, లో లుంగ్-చీ అను ఇరువురు మంత్రులు నోరు విప్పిరి. అధికారము ఒక్క పక్షము చేతిలోనే యుండుట తగదను భావము వారి మాటలలో ధ్వనించెను. కొలది వారములలోనే గాలి మాఱెను. వారు ప్రతీపులని ముద్రపడి మంత్రిపదవులు పోగొట్టుకొనిరి. తరువాత చాల యేండ్లకు, అట్లు ముద్రపడినవారిలో దాదాపు అందఱిని ప్రభుత్వము నిర్దోషులనెను గాని, ఈ ఇరువురి పేర్లు చనిపోయిన పిదపను ఆ జాబితాలో చేరలేదు. 1966 సాంస్కృతిక విప్లవమున ఆ యెనిమిది పక్షముల కార్యాలయములకును తాళములు పడెను. పదేండ్లు దాటిన పిమ్మట మరల తెఱచిరి. నేటికిని అవి కలవు.

1957వ సంవత్సరముననే నాగిరెడ్డిగారు ఢిల్లీ లోకసభలో 371 మంది యెదుట, 27 మందిలో ఒకరై కూర్చుండిరి. వారు ఏమన్నను వారి స్థానము వారిదే. తీసివేయగలవారు అనంతపురపు ఓటర్లు మాత్రమే. అదే యేట పెకింగులో నోరెత్తిన చిన్నపక్షము వారికి స్థానము పోయెను. చీనా రైతువిప్లవమును అంతగా పరిశీలించిన నాగిరెడ్డిగారు, అచటి చిన్నపక్షము వాని చేతికి ఇచటి చిన్నపక్షము వానికున్నపాటి సాధనమైనను లేదను సంగతికి తగినంత తూకము వేసిరా యనునది వారి అభిమానులును ఆలోచింపదగిన ప్రశ్న. అయితే ఇచటి సాధనము మొద్దువాఱినదని వారనినప్పుడు వారి చేతిలో అనుభవముండెను. వారు పుస్తకము చదివి చెప్పిన మాట కాదది.

1967లో వారు అనంతపురమునుండి మరల గెలిచిరి. 287 మంది సభలో మార్క్సిస్టు పక్షమువారు 9 మంది. పాత కమ్యూనిస్టులు 11 మంది. అయిదేండ్ల క్రిందట 51 ఉన్న బలము చీలికతో ఇట్లయ్యెను. ఆ యేటనే వంగదేశమున నక్సల్బరి రైతులు తిరుగబడిరి. 1968లో బర్ద్వానున జరిగిన సమావేశము పిమ్మట ఆంధ్ర మార్క్సిస్టులలో పెక్కుమంది నాయకత్వముతో విభేదించి వెలుపలికి వచ్చిరి. దేవులపల్లి వేంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్యగారలతో కూడి నాగిరెడ్డిగారు విప్లవకారుల సమన్వయ సంఘమును స్థాపించిరి.

1969 మార్చిలో వారు శాసనసభ్యత్వమునకు రాజీనామా చేసిరి. చీటి పంపి ఊరకుండలేదు. సభలోనే నిలిచి, ఇన్నేండ్ల అనుభవములో ఈ సభవలన పేదవానికి భూమి రాలేదనియు, చేసిన చట్టములు కాగితముల మీదనే యుండెననియు, ఇక తాను ప్రజలలోనికి పోవుదుననియు వివరించి చెప్పిరి. ప్రత్యర్థులును నిశ్శబ్దముగా వినదగిన ఉపన్యాసమది. ఇది మంచిపనియా? దీనిపై జిల్లాలో నాడును రెండు మాటలుండెను, నేడును కలవు. భారతములో కౌరవసభయందు ద్రౌపదికి అన్యాయము జరిగినప్పుడు నూర్వురు తమ్ములలో వికర్ణుడొక్కడే లేచి అది ధర్మము కాదనెను. అతని మాట నెగ్గలేదు. అయినను ఆ సభలో ఒక్కడైన కాదన్నవాడుండెనని వేలయేండ్లుగా చెప్పుకొనుచున్నాము. వికర్ణుడు ఆనాడు సభ విడిచి పోయియుండిన, ఆ కాదన్న మాట ఎవరికి వినబడెడిది? అనంతపురపు కఱవును గూర్చి మంత్రులను నిలదీయగల గొంతు ఆ సభలో అటుపిమ్మట లేకపోవుట జిల్లాకు నష్టమే. కాని వికర్ణుని కథకు రెండవ సగము కూడ కలదు. సభలో కాదన్నవాడే యుద్ధమున దుర్యోధనుని పక్షముననే నిలిచి భీముని చేతిలో మడిసెను. అన్యాయమని యెఱిగియు దానితోనే కడవఱకు కూర్చుండలేనని నాగిరెడ్డిగారు తలంచిన, దానిని పిఱికితనమని యెవరనగలరు? వారు విడిచినది చెఱసాలను కాదు, గౌరవమును జీతమును గల పదవిని.

ఆ సంవత్సరము బావగారికిని కలిసిరాలేదు. 1967లో లోకసభ అధ్యక్షులై, ఆ పదవి గౌరవార్థము తమ పార్టీ సభ్యత్వమును వదలుకొన్న సంజీవరెడ్డిగారు 1969 ఆగస్టులో కాంగ్రెసు అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసిరి. అదే పక్షపు ప్రధానమంత్రి మనస్సాక్షి ననుసరించి ఓటువేయుడని సభ్యులకు చెప్పుటతో గిరిగారి చేతిలో ఓడిరి. పెద్దపక్షమును ఆ యేడే రెండు ముక్కలయ్యెను.

సభ విడిచిన నాగిరెడ్డిగారికి బయట కూడ చిన్నపక్షపు బ్రతుకే ప్రాప్తించెను. ఇది వారి జీవితములోని విచిత్రము. అఖిల భారత విప్లవకారుల సమన్వయ సంఘము 1969 ఫిబ్రవరిలోనే ఆంధ్ర సంఘమును వెలివేసియుండెను. చారు మజుందారుగారు వర్గశత్రువులను ఏరి చంపుటయే మార్గమనిరి. ప్రజలను కూడగట్టక, భూమి సమస్యను చేపట్టక, కొందఱు రహస్యముగా చేయు హత్యల వలన విప్లవము రాదని నాగిరెడ్డిగారును వేంకటేశ్వరరావుగారును వాదించిరి. 1969 ఏప్రిలులో తమ తక్షణ కార్యక్రమమును ప్రకటించి, భూమి పంపకమునే మొదట నిలిపిరి. శ్రీకాకుళపు కొండలలో రక్తమేఱులై పాఱుచున్న కాలమున ఈ మాట మెత్తనిదిగా తోచెను. వీరు ఏ చీనాను ఆదర్శముగా తలంచిరో, ఆ చీనా రేడియో కొనియాడినది మజుందారుగారి పక్షమునే. కాంగ్రెసు దృష్టిలో వీరు తిరుగుబాటుదారులు. మార్క్సిస్టుల దృష్టిలో తొందరపాటువారు. నక్సలైటుల దృష్టిలో పిఱికివారు. మువ్వురును తలుపు మూసినను వారు మాట మార్చుకొనలేదు.

1969 డిసెంబరులో మద్రాసున పోలీసులు వారిని బంధించిరి. హైదరాబాదు కుట్రకేసు నడచెను. న్యాయస్థానమున వారు వ్రాసియిచ్చిన వాఙ్మూలము వారి జీవితమున మకుటాయమానమైన పని. ముద్దాయి తన నిర్దోషిత్వమును నిరూపించుకొనుట లోకరీతి. నాగిరెడ్డిగారు దేశము యొక్క ఆస్తి అప్పుల పట్టీ వ్రాసిరి. విదేశీ ఋణములు, విదేశీ కంపెనీల లాభములు, ఎరువులు, యంత్రములు, భూసంస్కరణ చట్టముల వైఫల్యము, వీటి నన్నిటిని ప్రభుత్వ సంఘముల నివేదికలనుండియే యెత్తిచూపి, స్వాతంత్ర్యము పేరునకు వచ్చినను దేశము పరాయివారికి కుదువలో నున్నదని వాదించిరి. ఆ గ్రంథమే తాకట్టులో భారతదేశము. తాకట్టు అనుమాటను మన రైతునకు వివరింపనక్కఱలేదు. వేరుశనగ విత్తనమునకై యేటేట పుస్తెలు కుదువబెట్టు సీమ యిది. ఆ గ్రంథపు నిర్ణయములలో అన్నిటిని ఒప్పుకొనవలసిన పని లేదు. పరదేశపు ఋణము పుచ్చుకొన్న ప్రతివాడు దాసుడు కాడు. ఆ అప్పుతో కట్టిన ఆనకట్టలు, కర్మాగారములు కూడ లెక్కలో రావలెను. కాని జమాఖర్చులు చదువ నేర్చిన పాఠకునకు, ఒక మనిషి చెఱలో కూర్చుండి అంత లెక్కను పోగుచేసిన తీరు ఆశ్చర్యము గొలుపును.

బెయిలుపై వెలుపలికి వచ్చిన పిమ్మట వారు అజ్ఞాతవాసమునకు పోయిరి. ఇంతలో చెఱలోని సహచరులలోనే చీలిక వచ్చి, 1971లో పుల్లారెడ్డిగారు వేఱుపడిరి. ఉన్న కొద్దిపాటి బలము మఱింత తఱిగెను. 1975 ఏప్రిలులో నాగిరెడ్డిగారు, వేంకటేశ్వరరావుగారు ఇతర రాష్ట్రముల వారిని కలుపుకొని భారత కమ్యూనిస్టు విప్లవకారుల ఐక్యతా కేంద్రమును స్థాపించిరి. మూడు నెలలు గడువకమునుపే, జూన్ 25వ తేదీ రాత్రి, దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. ప్రతిపక్ష నాయకులు చెఱసాలల పాలైరి. పత్రికలకు ముందస్తు తనిఖీ వచ్చెను. పలు సంస్థలు నిషేధింపబడెను. సభలో అడుగుటకు ప్రశ్నలు, అడుగువాడు లేని కాలమది. ఏకపక్ష ప్రాబల్యము ఏకపక్ష పాలనగా మాఱుట ఇంత సులభమని 1957లో ఎవరైన చెప్పిన నమ్మియుండరు. సభను నమ్మరాదన్న నాగిరెడ్డిగారి వాదమునకు ఇది ఒక సాక్ష్యము వలె కనబడును. సభ యుండిన దినములు ఎంత విలువైనవో చూపు సాక్ష్యముగా దీనిని చదువువారు కూడ కలరు. ఏ పక్షము మాట నిజమైనను, ఆ చీకటి దినములలో నాగిరెడ్డిగారు పట్టువడలేదు, లొంగనూ లేదు.

దేహము మాత్రము లొంగెను. 1976 జూలై 28వ తేదీన, అజ్ఞాతవాసముననే యుండగా, అస్వస్థులై వారు కాలధర్మము చెందిరి. అప్పటికి వారికి 59 యేండ్లు. వేయి ఎకరముల ఆసామిగా పుట్టినవారు తమ పేరు చెప్పుకొని వైద్యము చేయించుకొనుటకును వీలులేని స్థితిలో పోయిరి. అత్యవసర పరిస్థితి ఇంకను తొలగలేదు.

అది తొలగి 1977 మార్చిలో ఎన్నికలు జరిగెను. ఉత్తరదేశమంతట కాంగ్రెసు ఓడినను ఆంధ్రప్రదేశమున 42 లోకసభ స్థానములలో 41 దానికే దక్కెను. మిగిలిన ఆ ఒక్క స్థానము నంద్యాల. అచట జనతాపక్షమున గెలిచినవారు సంజీవరెడ్డిగారు. ఇరువదియైదేండ్ల క్రిందట కాడెద్దుల పెట్టెతో బావమరది చేతిలో ఓడిన బావగారు, ఈమాఱు కాంగ్రెసునకు ఎదురు నిలిచి, రాష్ట్రమంతటినుండి ఏకాకిగా ఢిల్లీకి పోయిరి. జూలైలో ఏకగ్రీవముగా రాష్ట్రపతియైరి. నాగిరెడ్డిగారి న్యాయస్థాన వాఙ్మూలము మఱుసటి యేట, 1978లో, ఆంగ్లమున గ్రంథరూపమున వెలువడెను. తెలుగు ప్రతియు వచ్చెను.